నాన్నగారి ప్లాట్ అమ్ముతున్నాం, తమ్ముడు ఎన్నారై – టీడీఎస్ 1 శాతమా 13 శాతమా?

కృష్ణలంక అక్క:
అందరికీ నమస్కారం. కొంచెం పొడుగు పోస్ట్, ఏమనుకోకండి. విజయవాడలో పోరంకి వైపు నాన్నగారు 2004 చివర్లో 300 గజాల ప్లాట్ కొన్నారు, డాక్యుమెంట్ లో 3 లక్షలు ఉంది. అమ్మ ముందే పోయింది, నాన్నగారు 2021 లో పోయారు, వారసులం నేనూ మా తమ్ముడూ ఇద్దరమే, చెరి సగం. నేను హైదరాబాద్ లో జాబ్, తమ్ముడు డాలస్ లో ఉంటాడు. ఇప్పుడు గజం 30 వేలకి బేరం కుదిరింది, అంటే 90 లక్షలు, 2026 మార్చి లోపు రిజిస్ట్రేషన్ పెట్టుకుందాం అంటున్నారు. కొనే ఆయన అడ్వాన్స్ కింద 5 లక్షలు చెక్కు నా అకౌంట్ లోనే వేశారు.

ఇప్పుడు గొడవేంటంటే కొనేవాళ్ళ ఆడిటర్ మొత్తం మీద 1 శాతం టీడీఎస్ (మాకిచ్చే డబ్బులోంచి ముందే పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను) కట్ చేస్తే సరిపోతుంది అంటున్నాడు, మా తమ్ముడి ఫ్రెండ్ ఏమో ఎన్నారై వాటాకి 13 శాతం పోతుంది, అది ఆపాలంటే ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళ దగ్గర సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, అప్పటిదాకా రిజిస్ట్రేషన్ ఆపండి అంటున్నాడు. బ్రోకర్ అయితే ఇంకో అడుగు ముందుకేసి డాక్యుమెంట్ 60 కి రాయించుకుని మిగతా 30 క్యాష్ తీసుకోండి మేడమ్ ఏ గొడవా ఉండదు అంటాడు. ఇండెక్సేషన్ (కొన్న ధరని ధరల పెరుగుదలకి తగ్గట్టు పెంచి లాభం లెక్కించడం) తీసేశారు, మళ్ళీ ఇచ్చారు అని కూడా విన్నాను, అది మాకు వర్తిస్తుందా? 2026 ఏప్రిల్ నుంచి కొత్త ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టం కదా, ఆగి అమ్మితే మేలా? నా జీతం 16 లక్షలు, కొత్త రెజీమ్.

గాంధీనగర్ గురుడు:
అక్కా మీకెందుకంత టెన్షన్. ఒక్కొక్కరి వాటా 45 లక్షలే కదా, 50 లక్షలు దాటితేనే టీడీఎస్. అసలు 1 శాతం కూడా అక్కర్లేదు. మా బాబాయి వాళ్ళు నలుగురు అన్నదమ్ములు కలిసి అమ్మినప్పుడు పైసా కట్ చెయ్యలేదు.

లెడ్జర్ లక్ష్ముడు:
గురుడు గారూ మీ బాబాయి వాళ్ళది 2024 అక్టోబర్ కి ముందు సంగతి అయ్యుంటుంది. అప్పట్లో వాటాలు విడగొట్టి చూపించి 50 లోపు ఉంది అనేవాళ్ళు, ట్రిబ్యునళ్ళు కూడా కొన్ని కేసుల్లో ఒప్పుకున్నాయి. అందుకే 2024 బడ్జెట్లో ఆ సందు మూసేశారు. 2024 అక్టోబర్ 1 నుంచి కొనేవాళ్ళు ఎంతమందైనా అమ్మేవాళ్ళు ఎంతమందైనా మొత్తం ఆస్తి విలువ కలిపి 50 లక్షలు ఉందా లేదా అనే చూస్తారు. కాబట్టి అక్క గారి 45 లక్షల మీద 1 శాతం, 45 వేలు కట్ అవ్వాల్సిందే. అది 26క్యూబీ ఫారంలో కొనే ఆయన కడతాడు, కట్ చేసిన నెల అయిపోయాక 30 రోజుల టైమ్, టాన్ (టీడీఎస్ కట్టేవాళ్ళు తీసుకునే నంబర్) అక్కర్లేదు.

తమ్ముడి గారి వాటాకి 26క్యూబీ పనికిరాదండీ. ఆ 1 శాతం రూలు, అంటే 194-ఐఏ సెక్షన్, రెసిడెంట్ అమ్మితేనే. ఎన్నారై అమ్మితే సెక్షన్ 195, దానికి 50 లక్షల లిమిట్టే లేదు, 10 లక్షల ప్లాట్ అయినా కట్ చెయ్యాలి. రేటు 12.5 శాతం, మీద 4 శాతం సెస్, కలిపితే 13. ఆయనకి ఇండియాలో ఇంకా పెద్ద ఆదాయం లేకపోతే సర్‌ఛార్జ్ (ఆదాయం 50 లక్షలు దాటితే ట్యాక్స్ మీద పడే అదనపు పన్ను) రాదు. కొనే ఆయన టాన్ నంబర్ తీసుకోవాలి, తర్వాతి నెల 7 లోపు కట్టాలి, మార్చిలో కట్ చేస్తే ఏప్రిల్ 30 దాకా టైమ్, ఆ తర్వాత 27క్యూ అనే టీడీఎస్ రిటర్న్ వెయ్యాలి. ఇదంతా ఎవరు చేస్తార్లే అని అందరూ 1 శాతం కొట్టేసి చేతులు దులిపేసుకుంటారు. మొన్న 2026 ఫిబ్రవరి 1 బడ్జెట్లో ఈ టాన్ బాధ తీసేస్తాం, కొనేవాళ్ళ పాన్ మీదే కట్టొచ్చు అని ప్రతిపాదించారు కానీ అది 2026 అక్టోబర్ నుంచి, మీ మార్చి రిజిస్ట్రేషన్ కి టాన్ తప్పదు.

ఇంకోటి, అడ్వాన్స్ 5 లక్షలు మొత్తం మీ అకౌంట్ లో పడింది అన్నారు. టీడీఎస్ రిజిస్ట్రేషన్ రోజున కాదు, డబ్బు ఇచ్చినప్పుడల్లా, అడ్వాన్స్ కి కూడా. అందులో రెండున్నర మీ తమ్ముడిది, ఎన్నారై డబ్బు ఆయన ఎన్ఆర్ఓ అకౌంట్ కి (ఎన్నారైలు ఇండియాలో వచ్చే డబ్బు వేసుకునే బ్యాంకు అకౌంట్) వెళ్ళాలి. ఇది ఇప్పుడే సరిచేసుకోండి, సేల్ అగ్రిమెంట్ లో ఎవరికి ఎంత, ఎవరి మీద ఎంత శాతం అని స్పష్టంగా రాయించండి. మీ తమ్ముడు రాలేకపోతే జీపీఏ (తన తరఫున సంతకం పెట్టే అధికారం ఇచ్చే పవర్ ఆఫ్ అటార్నీ) పంపిస్తారు కదా, అది ఇక్కడికి చేరాక మూడు నెలల్లోపు స్టాంప్ వేయించాలి, లేకపోతే రిజిస్ట్రార్ ఆఫీస్ లో పేచీ పెడతారు.

కృష్ణలంక అక్క:
లక్ష్ముడు గారూ చాలా థాంక్స్ అండీ. మరి ఆ సర్టిఫికెట్ సంగతి? 13 శాతం అంటే 5 లక్షల 85 వేలు, వాడు అంత ఎందుకు పోవాలి అంటున్నాడు. కొనే ఆయన మాత్రం వెయిట్ చేసేలా లేడు.

లెడ్జర్ లక్ష్ముడు:
అసలు లెక్క చూడండి ముందు. నాన్నగారు కొన్న ధరే మీ కాస్ట్, వారసత్వంగా వచ్చింది కాబట్టి, హోల్డింగ్ పీరియడ్ కూడా నాన్నగారి తేదీ నుంచే. తమ్ముడి వాటా 45, కాస్ట్ ఒకటిన్నర, లాభం 43.5 లక్షలు. 12.5 శాతం వేస్తే 5,43,750, సెస్ తో 5,65,500. కట్ అయ్యేది 5,85,000. అంటే తేడా 19,500 రూపాయలు! దానికోసం ఆ సర్టిఫికెట్ అప్లికేషన్, ఫారం 13 పెట్టి వారాల తరబడి ఆఫీసర్ చుట్టూ తిరిగి కొనేవాణ్ణి పోగొట్టుకోవడం ఎందుకు, రిటర్న్ వేస్తే ఆ 19,500 రిఫండ్ వస్తుంది. లోయర్ సర్టిఫికెట్ ఎప్పుడు పనికొస్తుందంటే కొన్న ధర ఎక్కువగా ఉన్నప్పుడు, ఈమధ్యే కొన్న ఫ్లాట్ల లాంటివి, అక్కడ లాభం 10 లక్షలే ఉన్నా మొత్తం అమ్మకం ధర మీద కట్ అయిపోతుంది కాబట్టి. లేదా ఆయన ఆ డబ్బుతో 54ఈసీ బాండ్లో (వీటిలో పెట్టిన లాభానికి ఇండియాలో ట్యాక్స్ ఉండదు) ఇండియాలో ఇల్లో కొనాలి అనుకుంటే. పాత ప్లాట్లకి, 30 రెట్లు పెరిగినవాటికి, అమ్మిన డబ్బంతా దాదాపు లాభమే కదా.

ఎన్నారైలకి సర్టిఫికెట్ తప్పనిసరి అని ఎవరో ఒకరు వాట్సాప్ లో పెడతారు, అందరూ పట్టుకుని వేలాడతారు.

బిల్డర్ కి బలైనవాడు:
కొనేవాళ్ళ వైపు నుంచి ఒక మాట. నేను హైదరాబాద్ లో ఒక ఎన్నారై దగ్గర ఫ్లాట్ కొన్నా, మధ్యలో ఉన్న ఏజెంటు 1 శాతం చాలు సార్ అంటే సరే అని 26క్యూబీ కట్టేశా. రెండేళ్ళ తర్వాత నోటీసు ఎవరికొచ్చిందనుకున్నారు, అమ్మినాయనకి కాదు, నాకు. సెక్షన్ 201 కింద కట్ చెయ్యాల్సింది చెయ్యలేదు కాబట్టి మీరే డిఫాల్టర్ అని, దాని మీద నెలకి 1 శాతం వడ్డీ. అమ్మినాయన తన రిటర్న్ వేసి ట్యాక్స్ కట్టేశాడని ఆడిటర్ సర్టిఫికెట్ తెచ్చిపెడితే అసలు మాఫీ అయింది కానీ వడ్డీ మాత్రం కట్టా. ఆయన ఫోన్ ఎత్తేవాడు కాబట్టి బతికిపోయా. అక్కా ఈ పోస్ట్ స్క్రీన్‌షాట్ మీ పార్టీ ఆడిటర్ కి పంపించండి, 1 శాతం అన్నాడంటే ఇరుక్కునేది వాళ్ళ క్లయింటే.

డాలస్ డప్పు:
తమ్ముడు గారు మా ఊళ్ళోనే ఉన్నారన్నమాట. అమెరికా వైపు సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నా. ఆయన గ్రీన్ కార్డో సిటిజనో లేక హెచ్1 మీద ట్యాక్స్ రెసిడెంటో ఏదైనా సరే ఈ అమ్మకం ఇక్కడ రిటర్న్ లో చూపించాలి. కాకపోతే ఇక్కడ వారసత్వానికి లెక్క వేరు, నాన్నగారు కొన్న 2004 ధర కాదు, ఆయన పోయిన రోజున ఉన్న మార్కెట్ విలువని కాస్ట్ గా తీసుకుంటారు. 2021 లో ఆ ప్లాట్ గజం 20 వేలు ఉంటే ఆయన వాటా కాస్ట్ 30 లక్షలు, లాభం 15 లక్షలే. అందుకని 2021 విలువకి ఒక వాల్యూయర్ రిపోర్ట్ ఇప్పుడే రాయించి పెట్టుకోమనండి. ఇండియాలో కట్టిన ట్యాక్స్ కి ఇక్కడ ఫారిన్ ట్యాక్స్ క్రెడిట్ ఉంది, ఇక్కడ లాభం తక్కువ కాబట్టి ఇండియా ట్యాక్స్ మొత్తం వాడుకోలేకపోవచ్చు, అది వేరే విషయం.

చాలామంది తెలియక చేసేది ఏంటంటే ఇండియాలో ట్యాక్స్ తప్పించుకోవడానికి 54ఈసీ బాండ్లు కొనేస్తారు, ఐదేళ్ళు డబ్బు ఇరుక్కుపోతుంది, 5.25 శాతం వడ్డీ, ఇటు చూస్తే అమెరికా వాడికి ఆ మినహాయింపుతో సంబంధం లేదు, ఇండియాలో సున్నా కట్టారు కాబట్టి క్రెడిట్ కూడా సున్నా, ఇక్కడ ఫుల్ గా కట్టాలి. లెక్క వేసుకుని దిగమనండి. ఎన్ఆర్ఓ అకౌంట్లో అంత డబ్బు పడితే ఎఫ్‌బార్ (విదేశీ బ్యాంకు అకౌంట్ల వివరాలు అమెరికా ప్రభుత్వానికి ఇచ్చే రిపోర్ట్) కూడా ఫైల్ చెయ్యాలి, 10 వేల డాలర్లు దాటితే చాలు. ఇండియా నుంచి పంపించడానికి ఏడాదికి 10 లక్షల డాలర్ల లిమిట్ ఉంది కాబట్టి ఆ ఇబ్బంది లేదు, 15సీఏ 15సీబీ కాగితాలు (విదేశాలకి డబ్బు పంపేటప్పుడు ఇచ్చే ట్యాక్స్ ఫారాలు) బ్యాంకు వాళ్ళే అడుగుతారు.

గాంధీనగర్ గురుడు:
ఇంత చదివాక బ్రోకర్ చెప్పిందే బాగుంది అనిపిస్తోంది 😄 30 క్యాష్ తీసుకుంటే ఈ 13 శాతాలూ ఎఫ్‌బార్లూ ఏం ఉండవు.

లెడ్జర్ లక్ష్ముడు:
గురుడు గారూ నవ్వులాటకే అన్నారనుకుంటా కానీ అక్క గారు చదువుతారు కాబట్టి రాస్తున్నా. ఆస్తి అమ్మకానికి 20 వేలు, ఆపైన క్యాష్ తీసుకుంటే సెక్షన్ 269ఎస్ఎస్, పెనాల్టీ ఎంతంటే తీసుకున్నంత. 30 లక్షలు తీసుకుంటే 30 లక్షలు పెనాల్టీ. ఇచ్చినవాడికి కాదు, తీసుకున్నవాడికి. రెండోది, 30 లక్షలు దాటిన ప్రతి రిజిస్ట్రేషనూ సబ్ రిజిస్ట్రార్ నుంచి ఇన్‌కమ్ ట్యాక్స్ కి వెళ్తుంది, మీ ఏఐఎస్ లో (ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళ దగ్గరుండే మీ లావాదేవీల లిస్టు) కనపడుతుంది, పక్క ప్లాట్ 90 కి అమ్ముడై మీది 60 అంటే ఎవరైనా అడుగుతారు. ప్రభుత్వ విలువ కన్నా తక్కువకి రాయించుకుంటే సెక్షన్ 50సీ వర్తిస్తుంది, 10 శాతం తేడా దాకా ఊరుకుంటారు, అంతకు మించితే ప్రభుత్వ విలువే మీ అమ్మకం ధర అని లెక్క కడతారు. మీ వాటా 1 శాతం టీడీఎస్ కూడా రెండింటిలో ఏది ఎక్కువైతే దాని మీదే. అయినా లాభం మీద 12.5 శాతం కట్టేసి తెల్లడబ్బు చేతిలో పెట్టుకోవడం కన్నా చవక బేరం ఈ దేశంలో ఇంకోటి లేదు, జీతం మీద 30 శాతం కట్టేవాళ్ళని అడగండి.

ఇక ఇండెక్సేషన్. 2024 జూలై 23 న 20 శాతం విత్ ఇండెక్సేషన్ తీసేసి 12.5 శాతం ఇండెక్సేషన్ లేకుండా పెట్టారు, అందరూ గోల చేస్తే ఆగస్టులో సవరించి, ఆ తేదీకి ముందు కొన్న భూమికీ బిల్డింగుకీ రెండు లెక్కలూ వేసుకుని ఏది తక్కువైతే అది కట్టొచ్చు అన్నారు. ఇది రెసిడెంట్లకే, ఎన్నారైకి ఆ ఛాయిస్ లేదు. మీకు వర్తిస్తుంది కానీ అక్కర్లేదు. 2004-05 ఇండెక్స్ 113, ఈ ఏడాది (2025-26) 376, ఒకటిన్నర లక్ష 5 లక్షలు అవుతుంది. 40 లక్షల మీద 20 శాతం 8 లక్షలు, అదే 12.5 అయితే 5.43. మీ ప్లాట్ 2004 ధరకి ఏడు రెట్ల లోపే పెరిగి ఉంటే ఇండెక్సేషన్ లాభం, మీది ముప్ఫై రెట్లు.

ఏప్రిల్ దాకా ఆగడం వల్ల రేటు మారదు. 2025 ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి వస్తుంది, సెక్షన్ నంబర్లన్నీ మారతాయి, జీతం తప్ప మిగతా టీడీఎస్ అంతా సెక్షన్ 393 లోకి వెళ్ళిపోయింది, అసెస్‌మెంట్ ఇయర్ అన్న మాట పోయి ట్యాక్స్ ఇయర్ వస్తుంది, మా ఆఫీసులో ఇప్పుడే గోడకి పాత నంబర్ కొత్త నంబర్ చార్ట్ అంటించుకున్నాం. మీ జేబులోంచి పోయేది అంతే.

అసలు ఎవరూ అడగంది ఒకటుంది. అక్క గారి జీతం 16 లక్షలు, స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు తీస్తే 15.25. దానికి 43.5 కలిపితే 58.75 లక్షలు. 50 దాటింది, సర్‌ఛార్జ్ 10 శాతం, అది జీతం మీద ట్యాక్స్ కి కూడా పడుతుంది. జీతం మీద 1,08,750, ప్లాట్ మీద 5,43,750, కలిపి 6,52,500, సర్‌ఛార్జ్ 65,250, సెస్ వేస్తే మొత్తం 7,46,460.

ఇప్పుడు రిజిస్ట్రేషన్ అయ్యాక ఆరు నెలల్లోపు 9 లక్షలు మాత్రం 54ఈసీ బాండ్లలో పెట్టారనుకోండి, ఆర్ఈసీవో పీఎఫ్‌సీవో ఏవో ఒకటి. లాభం 34.5 అవుతుంది, మొత్తం ఆదాయం 49.75, సర్‌ఛార్జ్ పోయింది. ట్యాక్స్ 5,40,000, సెస్ తో 5,61,600. అంటే 9 లక్షల బాండుకి 1,84,860 మిగిలింది. డాలస్ గారు చెప్పినట్టు తమ్ముడికి ఈ బాండ్లు దండగ కావచ్చు, మీకు మాత్రం మొదటి 9 లక్షలు బంగారం. ఆ పైన పెట్టాలా వద్దా అనేది మీ ఇష్టం, ఐదేళ్ళు తియ్యలేరు, వడ్డీకి ట్యాక్స్ ఉంది. ఇల్లు కొనే ఆలోచన ఉంటే సెక్షన్ 54ఎఫ్ మినహాయింపు వేరు, దానికి లాభం కాదు మొత్తం అమ్మకం డబ్బు పెట్టాలి, మీ పేరు మీద ఇప్పటికే ఒకటికి మించి ఇళ్ళు ఉండకూడదు.

మార్చి 15 లోపు అమ్మితే ఆ తేదీకే అడ్వాన్స్ ట్యాక్స్ కట్టేయండి, తర్వాత అమ్మితే మార్చి 31 లోపు. జూలైలో రిటర్న్ తో పాటు చూద్దాంలే అంటే వడ్డీ పడుతుంది.

కృష్ణలంక అక్క:
సర్‌ఛార్జ్ సంగతి మా ఆఫీస్ ట్యాక్స్ ఆయన కూడా చెప్పలేదండీ!! కొనే ఆయనతో మాట్లాడాను, బలైనవాడు గారి పోస్ట్ చదివించాను, గంటలో ఆయన ఆడిటరే ఫోన్ చేసి టాన్ కి అప్లై చేస్తున్నాం అన్నాడు 🙂 అడ్వాన్స్ లో తమ్ముడి రెండున్నర లక్షలు వెనక్కి ఇచ్చేసి 13 శాతం పట్టుకుని ఎన్ఆర్ఓ కి వెయ్యమన్నాను. బ్రోకర్ మాత్రం మొహం ముడుచుకున్నాడు. అతని కమిషన్ ఖర్చు కింద తీసెయ్యొచ్చా?

లెడ్జర్ లక్ష్ముడు:
తీసెయ్యొచ్చు, బ్యాంకు ద్వారా ఇచ్చి రసీదు తీసుకోండి. క్యాష్ లోనే ఇవ్వమంటాడు చూడండి.

కేపీహెచ్‌బీ రిటర్న్స్:
మధ్యలో దూరుతున్నందుకు సారీ, నాదీ ఇలాంటిదే. 2012 లో కూకట్‌పల్లిలో ఫ్లాట్ 50 లక్షలకి కొన్నా, ఇప్పుడు కోటీ ఐదు లక్షలకి అడుగుతున్నారు. పదేళ్ళు సింగపూర్ లో ఉండి 2025 మే లో వచ్చేశాను. బ్యాంకులో ఇంకా ఎన్ఆర్ఓ అకౌంటే నడుస్తోంది. నేను ఎన్నారై కిందకి వస్తానా?

లెడ్జర్ లక్ష్ముడు:
మే లో వచ్చి ఇక్కడే ఉన్నారంటే ఈ ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు ఎప్పుడో దాటిపోయాయి, మీరు రెసిడెంటే. నాట్ ఆర్డినరిలీ రెసిడెంట్ (చాలా ఏళ్ళు విదేశంలో ఉండి వచ్చినవాళ్ళకి) అనే ముద్ర ఉండొచ్చు, అయినా రెసిడెంటే. బ్యాంకు అకౌంట్ పేరుతో కాదు రోజుల లెక్కతో తేలుతుంది. మీకు ఇది పెద్ద లాభం ఎందుకంటే ఫ్లాట్ రెండు రెట్లే పెరిగింది. 2012-13 ఇండెక్స్ 200, 50 లక్షలు 94 అవుతుంది, లాభం 11, 20 శాతం అంటే 2.2 లక్షలు. ఎన్నారై గా అమ్మి ఉంటే 55 లక్షల మీద 12.5, 6 లక్షల 87 వేలు.

కానీ సేల్ అగ్రిమెంట్ కి ముందు రెండు పనులు. ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్ లో మీ స్టేటస్ ఇంకా నాన్ రెసిడెంట్ అని ఉంటే మార్చండి. పాన్ కి ఆధార్ లింక్ చెయ్యండి, ఎన్నారైగా ఉన్నన్నాళ్ళు మినహాయింపు ఉంది, ఇప్పుడు లేదు. మీ పాన్ పనిచెయ్యట్లేదని చూపిస్తే కొనేవాడు 1 శాతం బదులు 20 శాతం కట్ చెయ్యాలి, కోటీ ఐదు మీద 21 లక్షలు, రిఫండ్ వచ్చేదాకా కూర్చోవాలి. అకౌంట్ కూడా మామూలు సేవింగ్స్ కి మార్పించుకోండి, లేదంటే కొనేవాడి ఆడిటర్ ఎన్ఆర్ఓ నంబర్ చూసి మళ్ళీ 195 అంటాడు.

కేపీహెచ్‌బీ రిటర్న్స్:
ఆధార్ లింక్ లేదు సార్, ఇప్పుడే చూశా, పాన్ ఇనాపరేటివ్ అనే వస్తోంది. వెయ్యి రూపాయలు ఫీజు అడుగుతోంది, కట్టేస్తున్నా.

లెడ్జర్ లక్ష్ముడు:
కట్టండి, యాక్టివ్ అయ్యాకే అడ్వాన్స్ తీసుకోండి.